సూర్యాస్తమయం అందరికీ నచ్చుతుంది, ఇబ్బంది అక్కడే

ఇంట్లో గోడకు మొదటిసారి ఒక అసలు బొమ్మ కొనాలనుకునేవాళ్ళలో చాలామంది ప్రకృతి చిత్రం వైపే వెళ్తారు. కొండ, చెరువు, సముద్రం, పొద్దుగుంకేవేళ ఆకాశం. ఎందుకని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "దాంతో పేచీ ఉండదు కదా." మనిషి బొమ్మ పెడితే అదెవరని వచ్చినవాళ్ళల్లా అడుగుతారు. నైరూప్య చిత్రం పెడితే అర్థం కాలేదంటారు. సముద్రం దగ్గర మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఇంట్లో అందరూ సరేనంటారు.

నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. కొనేవాళ్ళకు అన్నిటికన్నా కష్టమైన ఎంపిక ప్రకృతి చిత్రమే. మనిషి ముఖం సరిగ్గా కుదరకపోతే చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు, కన్ను పక్కకు పోయిందనో, చెయ్యి కట్టెలా ఉందనో. కొండ కుదరకపోతే ఎవరికి తెలుస్తుంది? కొండ ఎలాగైనా ఉండొచ్చు, చెట్టు ఎలాగైనా పెరగొచ్చు. పైగా ఆ చోటు మీద మనకు ముందే ఉన్న ఇష్టం బొమ్మలోని లోపాలన్నిటినీ కప్పేస్తుంది. సముద్రాన్ని చూడగానే మనసు తేలికపడుతుంది. ఆ పని చేసింది సముద్రం. మరి బొమ్మ ఏం చేసింది? ఈ ప్రశ్న అడక్కుండానే డబ్బు కట్టి ఇంటికి తెచ్చేసుకుంటాం.

ఎరువు సొమ్ము బరువు చేటు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. తన అందమంతా దృశ్యం దగ్గర ఎరువు తెచ్చుకున్న బొమ్మ మొదటి వారం కళకళలాడుతుంది. తర్వాత మెల్లగా గోడలో కలిసిపోతుంది. కొన్నాళ్ళకు దుమ్ము దులిపేటప్పుడు తప్ప దానివైపు చూడం. బొమ్మల మీద ఇష్టం లేక ఇలా జరుగుతుందనుకోను. ఆ బొమ్మలో మొదటిరోజు చూసింది తప్ప ఇంకేమీ లేకపోవడం వల్ల జరుగుతుంది.

ఒక కెరటాన్ని దగ్గరగా చూద్దాం. సముద్ర చిత్రాలు అమ్మేచోట ఎక్కడైనా కనిపించే కెరటం ఒకటుంది. విరగబోతూ పైకి లేచి, అంచు దగ్గర ఆకుపచ్చ గాజులా వెలుగుతూ ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. కెరటం లేచేకొద్దీ అంచు పలచబడుతుంది, వెనకనుంచి వచ్చే ఎండ ఆ పలచని నీటిలోంచి దూసుకొస్తుంది. నీరు ముందుగా ఎరుపును పీల్చేసుకుంటుంది కాబట్టి మన కంటిదాకా చేరేది నీలం కలిసిన ఆకుపచ్చ. అంతవరకూ సరే. కానీ అలా వెలగాలంటే సూర్యుడు కెరటానికి వెనక, బాగా కిందుగా ఉండాలి. అప్పుడు మనవైపున్న కెరటం పొట్ట నీడలో పడాలి. దానిమీద జారే నురగ కూడా మనకు బూడిదరంగులోనో, లేత ఊదాలోనో కనిపించాలి, అంచున మాత్రమే మెరవాలి. అమ్మకానికి వేసే బొమ్మల్లో ఏం జరుగుతుందంటే, అంచు ఆకుపచ్చగా వెలుగుతుంది, ముందున్న నురగా రంగు గొట్టంలోంచి అప్పుడే తీసిన తెలుపుతో ధగధగలాడుతుంది. అంటే సూర్యుడు కెరటానికి వెనకా ఉన్నాడు, మన వీపు వెనకా ఉన్నాడు. పైన ఆకాశంలో చూస్తే కుడిపక్క మూల అస్తమిస్తూ ఇంకొకడు. నీటిమీద మెరుపు బాట ఎప్పుడైనా సూర్యుడి కిందినుంచి నేరుగా చూసేవాళ్ళవైపే వస్తుంది. ఇక్కడ అది పక్కకు తిరిగి ఎటో పోతుంది.

చూసేవాళ్ళలో నూటికి తొంభైమంది దీన్ని పట్టించుకోరు. పట్టించుకోకపోయినా ఏదో అతకనట్టు మాత్రం కంటికి తెలుస్తూనే ఉంటుంది. రోజూ చూసే బొమ్మలో ఆ అతకనితనం పెరుగుతూ పోతుంది.

భౌతికశాస్త్రం తప్పకుండా పాటించిన బొమ్మే మంచి బొమ్మ అని నేననడం లేదు. సముద్రమంటే చాలామందికి గుర్తొచ్చే రష్యన్ చిత్రకారుడు ఇవాన్ ఐవజోవ్‌స్కీ. 1817లో నల్లసముద్రపు ఒడ్డున ఫియొదోసియాలో పుట్టి, 1900లో అక్కడే చనిపోయేలోపు దాదాపు 6000 బొమ్మలు వేశాడు. ఎక్కువ భాగం ఒడ్డున కూర్చుని వేసినవి కావు, గదిలో జ్ఞాపకం నుంచి వేసినవి. కదిలే నీటిని, మెరుపును, గాలిని ఎదురుగా చూస్తూ కుంచెతో పట్టుకోవడం కుదరదని ఆయన నమ్మకం. 1850లో వేసిన "తొమ్మిదో కెరటం" రెండు మీటర్లకు పైగా ఎత్తు, మూడు మీటర్లకు పైగా వెడల్పు. అందులో కెరటం అంచు ఆకుపచ్చగానే వెలుగుతుంది. ఇప్పటి అమ్మకపు కెరటాలన్నిటికీ ఒకరకంగా తాత అదే. తేడా ఏమిటంటే, ఆ వెలుగు ఎక్కడినుంచి వస్తోందో ఆ బొమ్మ మొత్తానికీ తెలుసు. విరిగిన ఓడ కొయ్యను పట్టుకున్న మనుషులకు తెలుసు, మంచుతెరకు తెలుసు, ముందున్న చీకటి నీటికి తెలుసు. వెలుగు అనే ఒక్క నిర్ణయానికి బొమ్మలోని మిగతావన్నీ లోబడ్డాయి.

నేను వెతికేది ఆ నిర్ణయాన్నే. ప్రకృతి చిత్రం ముందు నిలబడినప్పుడు ఇది ఏ ఊరు, ఏ కొండ అని అడగను, ఎంత అచ్చంగా ఉందో చూడను. ఈ మనిషి దేన్ని వదిలేశాడు, దేనికోసం వదిలేశాడు అని చూస్తాను. కళ్ళముందు ఉన్నదంతా వేయడం ఓపికకు సంబంధించిన పని. వదిలేయడానికి మాత్రం ఏం కావాలో తెలిసుండాలి. జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ 1808–1810 మధ్య వేసిన "సముద్రం ఒడ్డున సన్యాసి" బెర్లిన్‌లో ఉంది. ఒక సన్నని ఇసుక పట్టీ, నల్లటి నీటి పట్టీ, ఆపైన మొత్తం ఆకాశం, ఇసుకమీద వేలెడంత మనిషి. ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో తెలిసిందేమంటే, ఆయన మొదట సముద్రంమీద ఓడలు గీశాడు, తర్వాత తీసేశాడు. ఓడలు ఉండుంటే అదొక సముద్ర దృశ్యం అయ్యేది, కన్ను వాటిమీద కూర్చుని ఊపిరి పీల్చుకునేది. తీసేశాక కంటికి నిలవడానికి చోటు లేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ బొమ్మ ముందు మనిషికి కాళ్ళకింద నేల కదిలినట్టు అనిపించడానికి కారణం ఆ తీసివేతే.

మన కాలానికి దగ్గరగా వస్తే, జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ 1969లో మొదలుపెట్టిన సముద్ర చిత్రాల్లో నీరు ఒక ఫోటోలోంచి, ఆకాశం వేరే ఫోటోలోంచి తీసుకుని కలిపి వేశాడు. 1970 నాటి ఒకదాంట్లో ఆకాశం కూడా తలకిందులు చేసిన సముద్రమే. చూడ్డానికి ఎంత ప్రశాంతంగా ఉంటుందో, ఇలాంటి చోటు ఎక్కడా లేదని తెలిశాక అంత కలవరపెడుతుంది. ఎతెల్ అద్నాన్‌ది దీనికి పూర్తిగా మరో దారి. బేరూత్‌లో పుట్టి, కాలిఫోర్నియాలో ఏళ్ళ తరబడి ఉండి, కిటికీలోంచి కనిపించే తమల్‌పయిస్ కొండను వందలసార్లు వేసింది. కాన్వాస్‌ను బల్లమీద పడుకోబెట్టి, గొట్టంలోంచి తీసిన రంగును ప్యాలెట్ నైఫ్‌తో, అంటే రంగులు కలిపే పలచని కత్తితో, పలకలు పలకలుగా పరిచేది, ఒకే కూర్చోవడంలో ముగించేది. ఆ బొమ్మల్లో చెట్టు లేదు, దారి లేదు, మబ్బుకు అంచు కూడా సరిగ్గా లేదు. గులాబీరంగు పలక పక్కన ఒక ఆకుపచ్చ పలక, ఆ రెండూ కలిసి కొండ బరువును మోస్తాయి. మన దేశపు చిత్రకారుడు రామ్‌కుమార్ 1960 ప్రాంతంలో కాశీకి వెళ్ళొచ్చాక ఆయన బొమ్మల్లోంచి మనుషులు క్రమంగా వెళ్ళిపోయారు. ఇళ్ళు, మెట్లు, నీరు ముక్కలుగా విడిపోయి చివరికి నేల రంగులే మిగిలాయి. వీళ్ళెవరి బొమ్మల్లోనూ ఆ చోటు అందం బొమ్మను నిలబెట్టలేదు.

కాబట్టి బొమ్మ ముందు నేను చేసే మొదటి పని, ఒక కన్ను మూసి బొటనవేలు అడ్డం పెట్టి సూర్యుణ్ణి కప్పేయడం. లేదా ఆ ఆకుపచ్చ కెరటం అంచును, లేదా ఎర్రటి పూల చెట్టును, మొత్తానికి ఏది మొదట కన్నును లాగిందో దాన్ని. మిగిలిన బొమ్మ ఇంకా నిలబడితే ఆగి చూస్తాను. కుప్పకూలితే, ఆ ఒక్కటే మొత్తం బరువు మోస్తోందని అర్థం. రెండో పని ఇంకా తేలిక. ఫోన్‌లో ఫోటో తీసి రంగులు తీసేసి నలుపుతెలుపుల్లో చూస్తాను. వెలుగునీడల అమరిక గట్టిగా ఉన్న బొమ్మ రంగు పోయినా చెక్కుచెదరదు. నారింజ, ఊదా చల్లి ఆకట్టుకున్న బొమ్మ మాత్రం ఒక బూడిద ముద్దగా మారిపోతుంది. అద్నాన్ లాంటివాళ్ళకు ఈ రెండో పరీక్ష అన్నిసార్లూ వర్తించదు. ఆమె రంగుతోనే కట్టింది. పరీక్ష ఎందుకు చేస్తున్నామో గుర్తుంటే ఎక్కడ పక్కనపెట్టాలో కూడా తెలుస్తుంది.

ఇక ఫోటో చూసి వేశారా అనే ప్రశ్న. గ్యాలరీల్లో దీన్ని నేరం మోపినట్టు అడుగుతారు. రిక్టర్ ఫోటో చూసే వేశాడు. అమెరికన్ చిత్రకారిణి వియా సెల్మిన్స్ 1960ల చివరినుంచి పెన్సిల్‌తో గీసిన సముద్రాలు తను తీసిన ఫోటోలనుంచి వచ్చినవే. ఒడ్డు లేదు, దిగంతం లేదు, కాగితం నిండా అలల ముడతలు మాత్రమే. మరో అమెరికన్ చిత్రకారిణి జారియా ఫోర్మన్ ధ్రువప్రాంతపు మంచుకొండలను ఫోటోలు తీసుకొచ్చి, పెద్ద కాగితాలమీద పాస్టెల్ (రంగు సుద్ద) పొడిని వేళ్ళతో రుద్ది వేస్తుంది. ఫోటోలో తప్పేం లేదు. ఫోటో చెప్పిందల్లా వినడంలో ఉంది తప్పు. దాని గుర్తులు బొమ్మలో కనిపిస్తాయి. నీడలు పూర్తి నలుపులోకి మూసుకుపోయి ఉంటాయి, ఎందుకంటే కెమెరాకు నీడలో కనిపించనివి మన కంటికి కనిపిస్తాయి. ఎగసిన నీటిచుక్క ఒక్కొక్కటీ గాలిలో ఆగిపోయి, ముత్యంలా విడివిడిగా ఉంటుంది. సెకనులో వెయ్యోవంతులో మూసుకునే షట్టర్‌కు తప్ప అది ఎవరికీ అలా కనిపించదు. మనిషి కన్ను చూసేది ఒక తుంపర, ఒక కదలిక.

ఇంతదాకా చెప్పినవన్నీ మంచి ప్రింట్‌లో కూడా చూడొచ్చు కదా, అసలు బొమ్మే ఎందుకు? ఇది న్యాయమైన ప్రశ్న, దీనికి "అసలుది అసలుదే" అనే జవాబు నాకు చాలదు.

నా దగ్గర ఒక చిన్న ఆయిల్ బొమ్మ ఉంది, తెరిచిన రెండు అరచేతులంత. మబ్బు పట్టిన మధ్యాహ్నం, తడి ఇసుక, దాని మీదికి పాకిన పలచని నీరు, అంతే. వేసినామె చెక్కపలక మీద ముందు ఇటుకరంగు పూత పూసింది. తర్వాత బూడిదరంగు ఆకాశాన్ని పైనుంచి, బూడిదరంగు సముద్రాన్ని కిందినుంచి తీసుకొచ్చి, రెండూ కలిసేచోట వెంట్రుకంత సందు వదిలేసింది. ఆ సందులోంచి ఇటుకరంగు కనిపిస్తుంది. దగ్గరకెళ్తే అది రంగు వేయకుండా వదిలిన గీత. నాలుగడుగులు వెనక్కి వస్తే దిగంతం వణుకుతుంది. నురగను ప్యాలెట్ నైఫ్‌తో ఒక్క లాగుడులో వేసింది. పలక గరుకుమీద కత్తి ఎగిరెగిరి పడ్డచోట నురగ తెగింది, సరిగ్గా ఒడ్డున తెగినట్టే. సాయంత్రం పక్కనుంచి వెలుగు పడ్డప్పుడు ఆకాశం కింద నిలువుగా ఒక ఉబ్బు కనబడుతుంది. అక్కడ ముందు ఒక పడవ తెరచాప కొయ్యో, పాతిన గుంజో ఉండేది, వద్దనుకుని ఆకాశంతో కప్పేసింది. ఈ బొమ్మకు చాలా ఖరీదైన ప్రింట్ ఒకటి తీయించినా ఆ సందు ఒక నారింజ గీతగా అచ్చవుతుంది, ఉబ్బు అసలు రాదు. పైన చెప్పిన నిర్ణయాలు, తీసివేతలు ఉండేది ఆ మందంలోనే.

కప్పేసినది ఒక్కోసారి శతాబ్దాల తర్వాత బయటపడుతుంది. కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో డచ్ చిత్రకారుడు హెండ్రిక్ వాన్ ఆంతోనిసెన్ 1641 ప్రాంతంలో వేసిన, నెదర్లాండ్స్‌లోని స్కెవెనింగెన్ ఒడ్డు చిత్రం ఉంది. 1873లో వాళ్ళ చేతికొచ్చింది. చలికాలపు ఒడ్డుమీద జనం గుంపులుగా నిలబడి నీళ్ళవైపు చూస్తుంటారు, ఎందుకో తెలియదు. 2014లో శుభ్రం చేస్తుంటే పైపూత కిందినుంచి ముందు నీటి అంచున నిలబడ్డట్టు ఒక మనిషి ఆకారం, తర్వాత అతను ఎక్కి నిలబడ్డ తిమింగలం బయటపడ్డాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆ తిమింగలాన్ని చూడ్డానికే జనం వచ్చారు. ఎవరో ఎప్పుడో దానిమీద సముద్రాన్ని పూసేశారు. అదే స్కెవెనింగెన్‌లో 1882 ఆగస్టులో వాన్ గో గాలివానలో నిలబడి ఒక సముద్ర చిత్రం వేశాడు. గాలికి లేచిన ఇసుక తడి రంగుకు అంటుకుంది. చాలావరకు గీకేసినా కొన్ని రేణువులు ఇంకా ఆ రంగులోనే ఉన్నాయి. 2002లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం నుంచి దొంగలు ఎత్తుకుపోతే 2016లో ఇటలీలో నేపుల్స్ దగ్గర దొరికింది. కాన్సస్ సిటీలోని ఆయన "ఆలివ్ చెట్లు" బొమ్మలో, 1889 నాటి రంగులో ఇరుక్కుపోయిన ఒక మిడతను 2017లో మ్యూజియంవాళ్ళు గుర్తించారు. చిత్రకారిణి జోన్ ఎర్డ్‌లీ అయితే స్కాట్లండ్ తూర్పుతీరంలో క్యాటర్‌లైన్ అనే చిన్న ఊళ్ళో, తుఫాను వస్తోందంటే బోర్డులు పట్టుకుని బయటికే వెళ్ళేది. బొమ్మను నిలబెట్టే ఈజెల్ ఎగిరిపోకుండా కట్టి వేసిన ఆ బొమ్మల్లో ఇసుక, గడ్డి గింజలు రంగుతోపాటు ఉన్నాయి. 1963లో 42 ఏళ్ళకే చనిపోయింది. ఆ కెరటాల ముందు నిలబడితే ఒక మనిషి శరీరం గాలికి ఎదురు నిలిచిందని తెలుస్తుంది. అచ్చు కాగితం ఆ కబురు చెప్పలేదు.

అలాగని చేత్తో వేసినదల్లా అసలు బొమ్మ కాదు. చైనాలో షెన్‌జెన్ నగరంలోని దాఫెన్‌లో 1989 నుంచి వేలమంది చిత్రకారులు ప్రసిద్ధ చిత్రాలకు నకళ్ళు వేసి ప్రపంచమంతా పంపుతున్నారు. అదీ ఆయిలే, అదీ కాన్వాసే, కుంచె జాడలూ ఉంటాయి. వాళ్ళ నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒకే తీరాన్ని రోజుకు కొన్నిసార్లు వేసే చేతికి నిర్ణయించుకోవలసిందేమీ మిగలదు, అన్నీ ముందే అయిపోయాయి. మరోవైపు, అచ్చయినదల్లా నకలూ కాదు. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ పెద్ద కెరటం 1831 ప్రాంతంలో చెక్కదిమ్మల మీద చెక్కి అచ్చుతీసినది, వేల ప్రతులు వచ్చి ఉంటాయి. ఆ కెరటానికి వేరే ఎక్కడో దాచిన "అసలు పెయింటింగ్" అంటూ లేదు, అచ్చే అసలు. లోహపు రేకు మీద గీసి తీసే ఎచింగ్, చెక్క మీద చెక్కి తీసే వుడ్‌కట్, రాతి మీద గీసి తీసే లితోగ్రాఫ్ ఇవాళ్టికీ అలాగే పనిచేస్తాయి. చిత్రకారుడు పలకమీదే ఆలోచించాడు, అడుగున పెన్సిల్‌తో 12/75 అని రాస్తే అది 75 ప్రతుల్లో పన్నెండోది. డబ్బు తక్కువున్నప్పుడు ఒక నాసిరకం పెయింటింగ్ కంటే మంచి వుడ్‌కట్ వంద రెట్లు మేలని నా గట్టి నమ్మకం.

జాగ్రత్తపడవలసింది జిక్లే అనే అందమైన పేరుతో వచ్చేదాని దగ్గర. 1990ల మొదట్లో పుట్టిన పేరు అది. విషయానికొస్తే ఇంక్‌జెట్ ప్రింట్, కాన్వాస్ మీద తీసినా సరే. దానిపై అక్కడక్కడా పారదర్శకమైన జెల్‌తో కుంచె జాడలు దిద్ది అమ్ముతారు కూడా. పక్కనుంచి టార్చి వేసి చూడండి. జెల్ గీతలు ఒక దిక్కున పోతుంటే, అచ్చయిన కుంచె గీతలు ఇంకో దిక్కున పోతుంటాయి. అంచులు చూడండి, వెనక్కి తిప్పి చూడండి. భూతద్దంలో రంగు చిన్నచిన్న చుక్కలుగా విడిపోతే సంగతి తెలిసినట్టే. ప్రింట్‌ను ప్రింట్ అని చెప్పి అమ్మితే నాకే అభ్యంతరమూ లేదు. ఇప్పుడు కంప్యూటర్‌తో పుట్టించిన కొండలు, కెరటాలు కూడా ఇదే దారిలో కాన్వాస్‌లెక్కి వస్తున్నాయి. ఆ వెనక వెలిగే ఆకుపచ్చ కెరటం వాటికి ఎంత ఇష్టమో చెప్పలేను.

తెరమీద చూసి కొనడం గురించి ఒక మాట. ఇంగ్లిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 2007లో వేసిన "వార్టర్ దగ్గర పెద్ద చెట్లు" 50 కాన్వాస్‌లు కలిపిన బొమ్మ, పన్నెండు మీటర్ల పొడవు. హొకుసాయ్ కెరటం ఇంచుమించు 25 సెంటీమీటర్లు ఇంటూ 37. ఫోన్‌లో రెండూ అగ్గిపెట్టెంతే. దూరపు కొండలు నునుపు అన్నట్టు, చిన్న తెరమీద ప్రతి బొమ్మా బిగువుగా, శుభ్రంగా కనిపిస్తుంది. కొనేముందు కొలతలు చూసి, గోడమీద పాత పేపరు అంత సైజుకు కత్తిరించి అతికించి చూడండి. చిత్రకారుణ్ణి కిటికీ వెలుగులో తీసిన ఫోటో, పక్కవెలుగులో తీసినది, అంచులది, వెనకవైపుది అడగండి. అడిగితే ఇబ్బందిపడని వాళ్ళ దగ్గరే కొనండి. ముదురు నీలాలు, కొన్ని ఆకుపచ్చలు తెరకు అందవు, సముద్ర చిత్రాల్లో ఉండేవి ముఖ్యంగా అవే. తెరమీద నీలం కళ్ళు జిగేల్మనిపిస్తే నేను అనుమానిస్తాను.

రంగులు నిలుస్తాయా అన్నది అడగడానికి మొహమాటపడొద్దు. ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ అంతటివాడు నిలవని ఎరుపులు వాడాడు. ఆయన సముద్రపు ఆకాశాల్లో కొన్ని ఇవాళ మనం చూస్తున్నట్టు ఆయన వేయలేదు. ఇప్పుడు మంచి రంగుల గొట్టం మీద వెలుగుకు ఎంత తట్టుకుంటుందో రాసి ఉంటుంది. ఏఎస్‌టీఎం అనే ప్రమాణంలో ఒకటో, రెండో తరగతి అయితే నిశ్చింత. ఏ రంగు పొడి వాడారో చెప్పే పిగ్మెంట్ నంబరు కూడా ఉంటుంది. పీబీ 29 అంటే అల్ట్రామెరీన్, చక్కగా నిలుస్తుంది. పీఆర్ 83 అంటే పాత అలిజరిన్ క్రిమ్సన్, సూర్యాస్తమయాలు వేసేవాళ్ళకు చాలా ప్రీతి, వెలిసిపోతుంది. నీటిరంగుల బొమ్మ అయితే ఆమ్లం లేని కాటన్ కాగితం కావాలి, నేరుగా ఎండ తగలకూడదు. మ్యూజియాలు కాగితంమీది బొమ్మలకు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు దాటనివ్వవు, ఆయిల్‌కు 200 దాకా ఒప్పుకుంటాయి. ఆయిల్ బొమ్మ పైకి ఆరినా లోపల ఆరడానికి ఆరు నెలలనుంచి ఏడాది పడుతుంది. నిన్న వేసి ఇవాళ చివరి వార్నిష్ కొట్టి ఇచ్చారంటే తొందరపడ్డారనే.

సోఫా రంగుకు నప్పే బొమ్మ కావాలని అడిగేవాళ్ళతో నేను వాదించడం మానలేదు. సోఫా పదేళ్ళకు మారుతుంది. రేటు పెరుగుతుందని కొనేవాళ్ళతో ఇంకా గట్టిగా వాదిస్తాను. బతికున్న చిత్రకారుల్లో చాలా కొద్దిమంది బొమ్మలే తిరిగి అమ్ముడుపోతాయి, పెరుగుతుందని మాటిచ్చి అమ్మేవాళ్ళు ఆ మాటకు పూచీ ఉండరు.

"నాకు నచ్చింది, అది చాలదా?" అని ఒక ఆప్తురాలు నన్ను అడిగింది. చాలు. కాకపోతే ఏది నచ్చిందో తేల్చుకోవడానికి కాస్త వ్యవధి ఇవ్వమంటాను. కొనకుండా ఇంటికెళ్ళి, మర్నాడు ఆ బొమ్మను కళ్ళు మూసుకుని గుర్తుచేసుకోవాలి. ఏదో ఒక సూర్యాస్తమయం గుర్తొస్తే, నచ్చింది సూర్యాస్తమయం. ఆ ఒక్క బొమ్మలో మాత్రమే ఉన్న మూల ఒకటి, గీత ఒకటి, అక్కడ ఎందుకుందో అర్థంకాని మురికి పసుపు ఒకటి గుర్తొస్తే, నచ్చింది బొమ్మ. ఆమె రెండోసారి వెళ్ళి మొదట మెచ్చినది వదిలేసి దాని పక్కనున్నది తెచ్చుకుంది, సాదాసీదా పొలం గట్టు ఒకటి, చాలావరకు మట్టి.

వీలైతే చిత్రకారులతో నేరుగా మాట్లాడండి. ఎన్ని రోజులు పట్టింది, ఏ చోటు ఇది అని అందరూ అడుగుతారు. ఇందులోంచి ఏం తీసేశారని అడిగి చూడండి, మాట ఎక్కడికో పోతుంది. చెప్పడానికి ఏమీ లేనివాళ్ళు కూడా ఆ ప్రశ్నతో తెలిసిపోతారు. రసీదు మీద బొమ్మ పేరు, ఏడాది, కొలతలు, వాడిన రంగులు, సంతకం ఉండేలా చూసుకోండి. బొమ్మ మీదవుతుంది గానీ దాని కాపీరైట్ మామూలుగా వేసినవాళ్ళదే. క్యాలెండర్ వేయించుకోవాలంటే వాళ్ళ అనుమతి కావాలి.

ఇంకో సంగతి, స్టూడియోకి వెళ్ళినప్పుడు గోడమీదున్న పెద్ద బొమ్మలు చూసి వచ్చేయకండి. బయట కూర్చుని వేసిన చిన్న స్టడీలు, అంటే పెద్ద బొమ్మకు ముందు వేసుకునే సాధన బొమ్మలు, ఉన్నాయా అని అడగండి. చాలామంది వాటిని అమ్మకానికి పెట్టరు, సొరుగుల్లో, అట్టపెట్టెల్లో పడేసి ఉంచుతారు. వెలుగు మారిపోయేలోపు ముగించాలి కాబట్టి వాటిలో అనవసరమైనది వేయడానికి వ్యవధే ఉండదు. వాటిని పెద్దవి చేసేటప్పుడు చాలాసార్లు ఆ బిగువు పోతుంది. ధర కూడా పెద్దవాటికంటే అందుబాటులో ఉంటుంది. ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821, 1822లలో లండన్ దగ్గరి హాంప్‌స్టెడ్‌లో వేసిన మబ్బుల స్టడీలు అలాంటివే. కాగితంమీద ఆయిల్, ఒక్కో సిటింగ్‌లో ఒక్కో ఆకాశం, చాలావాటి వెనక తేదీ, సమయం, గాలి ఎటునుంచి వీస్తోందో రాసుకున్నాడు. ఇప్పటివాళ్ళూ స్టడీల వెనక ఏదో ఒకటి రాస్తుంటారు. ఫ్రేమ్‌కు ఇచ్చేటప్పుడు ఆ రాతమీద జిగురు పూయొద్దని, వెనక అట్ట ఊడదీసి చూసుకునేలా బిగించమని ముందే చెప్పండి.